రాయి పాతిన రోజు నుంచి డబ్బు పడిన రోజు దాకా

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న రైతులకు, సచివాలయాల నుంచి వచ్చిన గ్రామ సర్వేయర్లకు, చోటు లేక వెనక నిలబడ్డ సివిల్ ఇంజనీరింగ్ పిల్లలకు కూడా. నేను ముప్పై ఏళ్లకు పైగా రెవెన్యూలో పనిచేశాను, అందులో చివరి తొమ్మిదేళ్లు భూసేకరణ పనే. అందుకని చట్టం కొంచెం చెప్తాను, గట్టు మీద నిలబడి చూసింది ఎక్కువ చెప్తాను.

హైవే అనగానే నన్ను అందరూ అడిగేది ఒకటే. రోడ్డు వెయ్యడానికి రెండేళ్లు చాలు కదా సార్, భూమి తీసుకోడానికి నాలుగేళ్లు ఎందుకు పడుతుంది అని. అడిగినవాళ్లే జవాబు కూడా చెప్పేస్తారు, రైతులు కోర్టుకి వెళ్తారు కదండీ అని. నేను ఆ మాట ఒప్పుకోను. కోర్టు స్టే వల్ల ఆగిన ముక్కలు నేనూ చూశాను, లేవని కాదు. కానీ నా చేతుల మీదుగా వెళ్లిన ఫైళ్లలో నెలలకు నెలలు తినేసింది రికార్డు. ఈ భూమి ఎవరిది, ఎంత, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అని అడిగితే కాగితం ఒకటి చెప్తుంది, పొలం ఇంకొకటి చెప్తుంది. ఆ రెంటినీ కలపడానికి పట్టే టైమే భూసేకరణ టైములో పెద్ద భాగం. ఇవాళ నేను చెప్పబోయేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒక చిన్న లెక్క. నాలుగు వరసల రోడ్డుకి 60 మీటర్ల వెడల్పు తీసుకున్నారనుకోండి. కిలోమీటరుకి 6 హెక్టార్లు, అంటే ఇంచుమించు 15 ఎకరాలు. వంద కిలోమీటర్లకి 1,500 ఎకరాలు. ఖమ్మం నుంచి దేవరపల్లి వేసే గ్రీన్‌ఫీల్డ్ రోడ్డే, అంటే పాత రోడ్డు వెడల్పు చేయకుండా పొలాల మీదుగా కొత్తగా వేసేదే, 162 కిలోమీటర్లు. మన వైపు కమతాలు ఎకరం, ఎకరంన్నర, రెండెకరాలు. ఒక్కో సర్వే నంబరులో ఐదారు సబ్‌డివిజన్లు, ఒక్కో సబ్‌డివిజన్‌లో ముగ్గురు నలుగురు వాటాదారులు. ఫ్యాక్టరీకి భూమి కావాలంటే ఒక మూల ఇబ్బందిగా ఉంటే ఆ మూల వదిలేసి పక్కకి జరగొచ్చు. రోడ్డుకి ఆ వీలు లేదు. గీత గీశాక మధ్యలో అర ఎకరం ఆగినా అటూ ఇటూ వేసిన తారు ఉపయోగపడదు.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను. జాతీయ రహదారులకి 1956 నాటి చట్టం ఉంది, భూసేకరణ సెక్షన్లు దాన్లోకి 1997లో వచ్చాయి. మా ఆఫీసుల్లో వాటిని 'త్రీ స్మాల్ ఏ', 'త్రీ క్యాపిటల్ ఏ' అని పిలుస్తారు. స్మాల్ ఏ అంటే భూసేకరణ అధికారి ఎవరో చెప్పే నోటిఫికేషన్, మన దగ్గర ఎక్కువగా ఆర్డీవో గారో జాయింట్ కలెక్టర్ గారో ఉంటారు. క్యాపిటల్ ఏ అంటే ఫలానా భూములు తీసుకోదలచుకున్నాం అని గెజిట్‌లో వేయడం. అక్కడి నుంచి 21 రోజుల్లో అభ్యంతరాలు ఇవ్వాలి, అది 3సీ. అభ్యంతరాలు విన్నాక 3డీ, అంటే ఆ భూమి తీసుకుంటున్నాం అని గెజిట్‌లో ప్రకటించడం. 3ఏ వేసిన ఏడాదిలోపు 3డీ రాకపోతే ఆ 3ఏ చెల్లదు, మళ్లీ మొదటి నుంచి రావాలి. కోర్టు స్టే ఉన్న రోజులు మాత్రం ఆ ఏడాదిలో లెక్కకి రావు. తర్వాత 3జీ అంటే పరిహారం తేల్చే అవార్డు, 3హెచ్ అంటే ఆ డబ్బు జమ చేయడం, 3ఈ అంటే 60 రోజుల నోటీసు ఇచ్చి స్వాధీనం చేసుకోవడం.

ఇందులో రైతులు ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. 3డీ గెజిట్‌లో పడిన రోజే ఆ భూమి కేంద్ర ప్రభుత్వానిది అయిపోతుంది. మీ చేతికి రూపాయి రాకపోయినా సరే. డబ్బు జమ చేయకుండా మిమ్మల్ని పొలంలోంచి పొమ్మనకూడదు, అంతవరకే రక్షణ. ధర మాత్రం 3ఏ వేసిన తేదీ నాటిదే లెక్కలోకి వస్తుంది. ఆ తర్వాత పక్క ఊళ్లో రేటు రెట్టింపైనా మీకు సంబంధం లేదు. 3ఏ తేదీ నుంచి అవార్డు దాకా ఏడాదికి 12 శాతం కలుపుతారు, ఊరట ఏదైనా ఉందంటే అదే. మరి ఆలస్యం ఎవరిని దెబ్బతీస్తోందో మీరే చెప్పండి. కాంట్రాక్టరు ఆలస్యానికి క్లెయిము వేసుకుంటాడు, అధికారికి బదిలీ అవుతుంది. రైతేమో గెజిట్‌లో సర్వే నంబరు పడ్డాక అమ్ముకోలేడు, బ్యాంకు అప్పు పుట్టదు, కొత్తగా బోరు వేద్దామంటే ధైర్యం చాలదు. ఎండిపోయిన కొబ్బరి చెట్టు తీసి కొత్త మొక్క పెట్టాలా వద్దా అని మూడేళ్లు ఆలోచిస్తూ ఉన్నాయన్ని నేను చూశాను. రైతులే ఆలస్యం చేస్తున్నారని ఎవరన్నా అంటే అందుకే నాకు కష్టంగా ఉంటుంది.

2018 ఏప్రిల్ నుంచి భూమి రాశి పోర్టల్ వచ్చింది. అంతకుముందు నోటిఫికేషన్ ముసాయిదా కాగితాల మీద ఢిల్లీకి వెళ్లేది, అక్కడ ఏదో తప్పుందని వెనక్కి వచ్చేది, దిద్ది పంపితే మళ్లీ ఇంకో కొర్రీ, అలా నెలలు గడిచేవి. ఇప్పుడు అది వారాల్లో అయిపోతోంది. మంచి పని, నేను మెచ్చుకుంటాను. కానీ మనం టైపు చేసిందే కదా పోర్టల్ చూపిస్తుంది. తప్పు నంబరు ఎక్కిస్తే తప్పు నంబరే త్వరగా గెజిట్‌లోకి వెళ్తుంది.

నేను చూసిన ఒక కేసు చెప్తాను. మెట్ట ప్రాంతంలో ఒక ఊరు. ఒక సర్వే నంబరులో నాలుగు సబ్‌డివిజన్లు. ముసాయిదాలో మూడే వచ్చాయి, 2బీ అన్నది జారిపోయి ఆ విస్తీర్ణం 2ఏలో కలిసిపోయింది. సబ్‌డివిజన్ చేసినప్పటి స్కెచ్ ఎఫ్‌ఎంబీలో, అంటే పొలం కొలతల పుస్తకంలో ఎక్కించలేదు, సాగు వివరాలు రాసే అడంగల్‌లో మాత్రం ఆ సబ్‌డివిజన్ ఉంది. ఎవరూ గమనించలేదు, నేనూ గమనించలేదు, ఆ ముసాయిదా మీద నా సంతకం కూడా ఉంది. 3ఏ అయింది, 3డీ అయింది, అవార్డు రోజున 2బీ రైతు వచ్చి అందరికీ నోటీసు వచ్చింది, నాకెందుకు రాలేదు సార్ అని అడిగాడు. అప్పుడు తెలిసింది. ఆయన భూమి ఇవ్వనని ఒక్కసారి కూడా అనలేదు. ఆ ముక్క కోసం మళ్లీ కొత్త 3ఏ వేసి, మళ్లీ 21 రోజులు, మళ్లీ 3డీ, మళ్లీ విలువ కట్టడం, మొత్తం పద్నాలుగు నెలలు. ఈలోగా ఆయన పొలానికి అటు పక్కా ఇటు పక్కా మట్టి కట్ట లేచింది, మధ్యలో ఆయన మొక్కజొన్న ఒక పంట తీసి రెండో పంట వేశాడు. పేపర్లో మాత్రం 'భూసేకరణ సమస్యతో నిలిచిన రోడ్డు' అని వచ్చింది. చదివినవాళ్లు ఎవరో రైతు అడ్డం పడ్డాడనే అనుకుని ఉంటారు.

సర్వేయర్లకి ఇంకో మాట కూడా చెప్పాలి. 2020 డిసెంబరులో ఆంధ్రలో రీసర్వే మొదలైంది, పాత సర్వే నంబర్లు పోయి చాలా ఊళ్లలో ఎల్‌పీఎం నంబర్లు, అంటే ల్యాండ్ పార్సిల్ మ్యాప్ నంబర్లు వచ్చాయి. మంచి ఉద్దేశమే, నూరేళ్ల నాటి కొలతలు ఎన్నాళ్లు వాడతాం. కానీ ఒక ఊళ్లో రోడ్డు నోటిఫికేషన్ పాత నంబరుతో పడి, అవార్డు నాటికి రికార్డు కొత్త నంబరులోకి మారిపోతే, ఏ నంబరు ఏ నంబరైందో పట్టిక రాసుకుని, విస్తీర్ణంలో తేడాలు సరిచేసుకుని అప్పుడు ముందుకెళ్లాలి. వాటాలు తేలక నలుగురైదుగురికి కలిపి జాయింట్ ఎల్‌పీఎం ఇచ్చిన చోట ఇంకా కష్టం, ఎవరి వాటాలోంచి ఎంత రోడ్డులోకి పోతోందో కాగితం చెప్పదు. తెలంగాణ వైపు తిప్పలు వేరు. అక్కడ సాదాబైనామాలు ఉంటాయి, తెల్లకాగితం మీద కొనుక్కుని ముప్పై ఏళ్లుగా దున్నుకుంటున్నవాళ్లు. భూ రికార్డులకి 2020లో ధరణి పోర్టల్ వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది, కానీ కాగితం మీద పేరు లేనివాడికి అవార్డులో పేరు రావాలంటే ముందు ఆ చిక్కు విప్పాలి.

ఇక డీకేటీ పట్టాలు, అంటే పేదలకి సాగు కోసం ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూములు. అసైన్డ్ భూమి అమ్మకూడదని 1977లో చట్టం వచ్చింది. అయినా చేతులు మారుతూనే ఉంటుంది. పొలంలో ఒకాయన దున్నుతుంటాడు, రికార్డులో ఇంకొకాయన పేరుంటుంది, ఆయన ఊరొదిలి పదేళ్లై ఉంటుంది. పరిహారం ఎవరికివ్వాలి? అసైన్డ్ రైతుకి కూడా పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో మన ఉమ్మడి హైకోర్టు మేకల పాండు కేసులో చెప్పింది, అది గొప్ప తీర్పు. చెవిన పడని రైతులు మాత్రం ఇప్పటికీ ఉన్నారు. చుక్కల భూములు కూడా ఇలాంటివే. పాత ఆర్‌ఎస్‌ఆర్‌లో, అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో, పట్టాదారు పేరు రాయాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేశారు. రెండు మూడు తరాలుగా శిస్తు కట్టి సాగు చేసుకుంటున్నా ఆ చుక్కల్ని చూసి ప్రభుత్వ భూమి అని రాసేస్తారు. వీటిని సరిచేయడానికి 2017లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చిందంటే సమస్య ఎంత పెద్దదో చూడండి. రోడ్డు పడేదాకా ఎవరికీ పట్టని ఆ చుక్కలు రోడ్డు పడిన రోజున ఒక కుటుంబానికి టెన్షన్ తెచ్చిపెడతాయి.

ఒక విచారణ రోజు నాకు ఇప్పటికీ గుర్తుంటుంది. డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దావిడ పాలిథీన్ కవరు పట్టుకుని వచ్చింది. కవరులో పాత శిస్తు రసీదులు, మడతల దగ్గర చిరిగిపోతున్నవి, ఒక్కోదాన్నీ విడివిడిగా పేపరు ముక్కలో చుట్టి పెట్టుకుంది. భర్త మరణ పత్రం ఒకటి, మామగారి పేరు మీద పాత పాసుపుస్తకం ఒకటి. నోటిఫికేషన్‌లో ఆ మామగారి పేరే ఉంది, ఆయన పోయి ఇరవై ఏళ్లు. ముగ్గురు కొడుకులు నోటిమాటగా పంచుకున్నారు, ఈవిడ భర్త రెండోవాడు. పెద్దాయన పిల్లలు హైదరాబాద్‌లో, చిన్నాయన కూతురు అమెరికాలో. తగాదా లేదు, ఎవరి వాటా ఎవరిదో ఊరంతటికీ తెలుసు. కానీ కాగితం లేదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మన్నాం, అందరి సంతకాలతో ఒప్పంద పత్రం తెమ్మన్నాం, అమెరికా అమ్మాయి అక్కడి కాన్సులేట్ నుంచి పవరాఫటార్నీ పంపాలన్నాం. ఆవిడ అన్నీ విని, "బాబూ, మా ఆయన ఉన్నప్పుడు ఈ మాట ఎవరన్నా చెప్పుంటే అప్పుడే రాయించుకునేవాళ్లం కదా" అంది. నిజమే కదా. వాటాలు తేలకపోతే 3హెచ్ కింద డబ్బు తీసుకెళ్లి సివిల్ కోర్టులో వెయ్యాలి. రోడ్డుకి ఇబ్బంది ఉండదు, పని నడుస్తుంది, కానీ ఆవిడ ఆ డబ్బు కోసం కోర్టు మెట్లెక్కాలి. నేను రిటైరయ్యేనాటికి ఆ డిపాజిట్ ఇంకా కోర్టులోనే ఉంది.

ఆ వెనక అబ్బాయి చెయ్యెత్తాడు. అడుగు బాబూ. ధర గురించా? సరే, ధరకి వస్తాను.

2015 నుంచి హైవే భూములకి కూడా 2013 చట్టం ప్రకారమే పరిహారం. మార్కెట్ విలువ తేల్చాక దాన్ని ఒకటి నుంచి రెండు మధ్య ప్రభుత్వం నిర్ణయించిన అంకెతో హెచ్చిస్తారు, గ్రామీణ ప్రాంతమైతే. చెట్లు, కట్టడాల విలువ కలిపి, ఆ మొత్తం మీద నూరు శాతం సొలేషియం, అంటే భూమి పోతున్నందుకు అదనంగా ఇచ్చే ఊరట సొమ్ము. ఎకరం 10 లక్షలని తేలింది, అంకె 1.25 అనుకుందాం, పన్నెండున్నర లక్షలు, సొలేషియంతో 25 లక్షలు. వినడానికి బాగుంది. అసలు చిక్కు ఆ మొదటి 10 లక్షల దగ్గర ఉంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో రాసి ఉండే బుక్ వాల్యూ చూస్తారు, గత మూడేళ్ల రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు చూస్తారు, ఏది ఎక్కువైతే అది. మనమేం చేస్తున్నాం? స్టాంపు డ్యూటీ మిగులుతుందని 30 లక్షలకి కొన్నది 8 లక్షలని రాయిస్తున్నాం. ఊరంతా అలాగే రాయించుకుంటే ఆ ఊరి సగటు 8 దగ్గరే ఉంటుంది. అప్పుడు రైతు ఆర్బిట్రేషన్‌కి వెళ్తాడు, ఆర్బిట్రేటరు మన దగ్గర ఎక్కువగా కలెక్టరు గారే, ఆయనకి వరదలు, ఎన్నికలు, వంద పనులు, వాయిదాల మీద వాయిదాలు.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. రోడ్డు ఎటు పోతుందో ముందే తెలిసినవాళ్లు కొందరుంటారు. 3ఏ కంటే ముందే పొలాన్ని ప్లాట్లు చేసేస్తారు, ఎకరాల లెక్క గజాల లెక్కలోకి మారుతుంది. ఉత్తరాఖండ్‌లో ఎన్‌హెచ్-74 మీద వ్యవసాయ భూమిని వెనక తేదీలతో వ్యవసాయేతరంగా మార్చి పరిహారం పెంచుకున్నారన్న కుంభకోణం బయటపడింది. మన విశాఖకి వచ్చే రాయపూర్ రోడ్డు మీదే, ఛత్తీస్‌గఢ్‌లో అభన్‌పూర్ దగ్గర, భూమిని కాగితాల మీద చిన్న చిన్న ముక్కలు చేసి ఎక్కువ పరిహారం రాబట్టారన్న ఆరోపణల మీద 2025లో దర్యాప్తు మొదలైంది. ఇలాంటిది ఒకటి జరిగితే పక్క జిల్లాల్లో ప్రతి అవార్డునీ భూతద్దం పెట్టి చూస్తారు, తప్పులేని రైతు ఫైలు కూడా ఆర్నెల్లు ఆగిపోతుంది.

పాత బాకీ ఇంకోటి ఉంది. 1997 నుంచి 2014 చివరి దాకా హైవేలకి ఇచ్చిన భూములకి సొలేషియం లేదు, దాని మీద వడ్డీ లేదు. తర్సేమ్ సింగ్ కేసులో 2019లో సుప్రీంకోర్టు, మిగతా భూసేకరణలకి ఇచ్చి హైవేలకి ఇవ్వని ఆ తేడా చెల్లదంది. ఇకముందు కేసులకే ఇది వర్తింపజేయండని హైవే సంస్థ అడిగితే 2025 ఫిబ్రవరిలో కోర్టు ఒప్పుకోలేదు. మీలో ఎవరివైనా అప్పటి భూములుంటే కాగితాలు తీసి లాయరుకి చూపించండి.

చెట్ల సంగతి, కట్టడాల సంగతి కూడా టైము తింటుంది. ఇల్లు, షెడ్డు ఆర్ అండ్ బీ వాళ్లు లెక్క కడతారు, మామిడి, కొబ్బరి, పామాయిల్ ఉద్యానశాఖ, టేకు అటవీశాఖ. ఒక్క పొలానికి మూడు శాఖలవాళ్లు మూడు వేర్వేరు రోజుల్లో వస్తారు, ఒకరొచ్చిన రోజు ఇంకొకరు రారు. పామాయిల్ తోటకి వయసును బట్టి విలువ, తోట ఎన్నో ఏడు అన్నదాని మీద రైతుకీ అధికారికీ పేచీ. అడవి అనుమతులు, కరెంటు లైన్లు, రైల్వే దాటే చోట్లు, అవన్నీ వేరే రోజు మాట్లాడుకోవాల్సినంత ఉన్నాయి. ఒక్క మాట, పని మొదలుపెట్టే తేదీ ఇవ్వాలంటే ఖర్చంతా ప్రభుత్వమే పెట్టే ఈపీసీ పద్ధతిలో 90 శాతం, కాంట్రాక్టరు కూడా పెట్టుబడి పెట్టే హామ్ పద్ధతిలో 80 శాతం భూమి చేతిలో ఉండాలన్నది నియమం. మిగిలిన ఆ పది ఇరవై శాతంలోనే ఇందాక చెప్పిన 2బీలన్నీ ఉంటాయి.

నన్ను బాగా బాధపెట్టేది ఆ 21 రోజుల విచారణ. రైతులు రాసే అభ్యంతరాలు నేను వందలు చదివాను. భూమి అసలు ఇవ్వం అని రాసేవాళ్లు ఉంటారు, వాళ్లకా హక్కుంది. కానీ చాలామంది అడిగేది ఏంటంటే, నా బోరు రోడ్డుకి ఈ పక్క ఉంది, తోట ఆ పక్కకి పోతోంది, పైపు వేసుకోడానికి దారి ఇవ్వండి, ట్రాక్టరు పట్టే అండర్‌పాస్ ఇవ్వండి, రోడ్డుకి పోగా మిగిలే పన్నెండు సెంట్ల మూల ముక్క నేనేం చేసుకోను, అది కూడా మీరే తీసుకోండి. గ్రీన్‌ఫీల్డ్ రోడ్డంటే నేలమట్టంగా ఉండదు, మనిషి ఎత్తుకి మించిన కట్ట, రెండు పక్కలా కంచె. అవతలి చేను కళ్లకి కనబడుతుంది, వెళ్లాలంటే మూడు కిలోమీటర్లు చుట్టు తిరగాలి. దీనికి మనం ఇచ్చే జవాబు, జాతీయ ప్రాధాన్యత గల ప్రాజెక్టు కనుక అభ్యంతరం తిరస్కరించడమైనది అని. అందరికీ అదే వాక్యం, పేరు, నంబరు మార్చి. చట్టంలో అభ్యంతరం అంటే భూమి వినియోగం మీద ఉండాలి, పైపు గురించి కాదు అని సమర్థించుకుంటాం. ఆ రోజు ఫైలు త్వరగా కదులుతుంది. రెండేళ్ల తర్వాత అదే రైతు పొక్లెయిన్ ముందు పడుకుంటాడు, పోలీసులు వస్తారు, పని ఆగుతుంది, చివరికి ఆ అండర్‌పాస్ ఇస్తారు, డిజైన్ మార్చి, రెట్టింపు ఖర్చుతో.

చెన్నై–సేలం రోడ్డు చూడండి, 277 కిలోమీటర్లు. 2018లో పొలాల్లో రాళ్లు పాతారు, గొడవలు, అరెస్టులు, 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు ఆ భూసేకరణ కొట్టేసింది. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు నోటిఫికేషన్లు చెల్లుతాయంది, కానీ భూసేకరణ పూర్తికాకుండానే రెవెన్యూ రికార్డుల్లో పేర్లు మార్చేయడం తప్పంది. అక్కడ రైతులు అడిగింది ధర గురించి కాదు, ఉన్న రోడ్లు ఉండగా ఈ దారి ఎందుకని. మన యాదాద్రి జిల్లాలో రాయగిరి రైతులు రీజనల్ రింగ్ రోడ్డు మీద అడిగిందీ అలాంటిదే, అంతకుముందే వేరే పనులకి భూములిచ్చాం, మళ్లీ మా ఊరేనా అని. ఈ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన వేళ గీత గీయకముందు, గెజిట్ వచ్చాక కాదు.

సర్వేయర్ పిల్లలూ, మీతో ఒక్క పని చేయించుకోవాలని ఉంది. అలైన్‌మెంట్, అంటే రోడ్డు గీత, ఖరారైందని తెలిసిన వారంలో, 3ఏ ముసాయిదాకి ముందే, ఎఫ్‌ఎంబీ, అడంగల్, భూమి ఎవరిదో చెప్పే 1బీ మూడూ చేతిలో పట్టుకుని ఆ 60 మీటర్లూ నడవండి. వీఆర్వో గారిని, గట్టు మీదున్న రైతుని పక్కన పెట్టుకోండి. ఈ సబ్‌డివిజన్ ఎవరు దున్నుతున్నారు, కాగితంలో ఉన్నాయన బతికే ఉన్నాడా, వారసులెందరు, బోరు ఎక్కడుంది, పైపు ఎటు పోతోంది. ఊరికి వారం పడుతుంది, పెద్ద ఊరైతే రెండు వారాలు. పైనుంచి ఒత్తిడి వస్తుంది, ముసాయిదా రేపటికి కావాలి అంటారు. నాకూ అలాగే అన్నారు, నేను నడవకుండా సంతకం పెట్టిన ఊరే ఇందాక చెప్పిన ఊరు.

రైతులు చేసుకోగలిగింది కూడా ఉంది. తాతగారి పేరు మీదున్న భూమికి మ్యుటేషన్, అంటే రికార్డులో మీ పేరుకి మార్పు, చేయించుకోండి, రోడ్డు వచ్చినా రాకపోయినా. 21 రోజుల గడువులో అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. అందులో మీ బోరు, పైపు, దారి ఎక్కడున్నాయో చేత్తో బొమ్మ గీసైనా పెట్టండి, ఆ కాగితం ఫైల్లో ఉంటే రేపు ఇంజనీరుని అడగడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది.

ముందు వరసలో పెద్దాయన ఇందాకటి నుంచి ఏదో కాగితం చూపిస్తున్నారు. 3ఏ నోటీసులా ఉందే. తేదీ ఎప్పటిది బాబాయ్? మొన్న పన్నెండో తారీఖా? అయితే టైముంది. ఎవరన్నా ఆ మైకు ఆయనకివ్వండి, సర్వే నంబరు చదవమనండి, 1బీ ఇక్కడే ఫోన్లో తీసి చూద్దాం.